పసుపు మీద పడ్డ నేరం

సబియా షేర్ ఆటో దిగేసరికి బొల్లారంలోని ఆ మందుల ఫ్యాక్టరీ గేటు పక్కన ఒక పెద్దావిడ నిలబడి ఉంది. నెత్తిన కొంగు, చేతిలో టిఫిన్ సంచి, గోళ్ల సందుల్లో ఇంకా వదలని పసుపు. లోపలికి రానివ్వడం లేదు, ఇంటికి పొమ్మనడమూ లేదు. సెక్యూరిటీ అతను అసలు అక్కడ మనిషే లేనట్టు ఫోన్ చూసుకుంటున్నాడు.

ఆమె సబియా బ్యాగు మీది కంపెనీ బొమ్మను గుర్తుపట్టింది.

"నువ్వు ఆ గ్యాసు పెట్టె కంపెనీ దానివా బిడ్డా?"

"అవునమ్మా."

"జెర మంచిగ సూడు తల్లీ. నేను దాంట్ల నీళ్లు పొయ్యలె. పైన పసుపు రాసి బొట్టు పెట్టిన, గంతే. ఏటేటా పెడుతనే ఉన్న. ఒక్కనాడు గిట్ల కాలె."

గ్యాసు లీకైతే మోగాల్సిన పెట్టె మోగలేదట, వెళ్లి చూసి రమ్మని మాత్రమే సబియాకు పటాన్‌చెరు ఆఫీసులో చెప్పారు. ఆ పెట్టె మీద పసుపు ఉందనీ, ఆ పసుపు వెనక ఒక మనిషి ఉందనీ ఎవరూ చెప్పలేదు.

లోపల సేఫ్టీ మేనేజర్ మహేంద్ర పెట్టెను అప్పటికే గోడ మీంచి దింపించి మెయింటెనెన్స్ గదిలో బల్ల మీద పెట్టించాడు. చుట్టూ ఎర్ర టేపు చుట్టించాడు, అదేదో హత్య చేసిన కత్తి అయినట్టు. పసుపు చారలు, కుంకుమ బొట్లు, కేబుల్ సందులో ఇరుక్కుని ఎండిపోయిన జమ్మి ఆకు.

"దసరాకు మెయిన్ ఆఫ్ చేసి అన్ని మిషన్లకు ఆయుధపూజ చేసినం మేడం," అన్నాడు. "పండుగ తెల్లారి మెయిన్ ఆన్ చేసినం. పొద్దటి షిఫ్టుల సాల్వెంట్ షెడ్డుల వాల్వు కాడ లీకు. ఆవిరి నిండితే ఈ పెట్టె మోగాలె, పెద్ద ఫ్యాను తిరగాలె. ఇది మోగలే, అది తిరగలే. రాంచందర్ అని ఆపరేటరు, ఊపిరాడక పడిపోయిండు. జర్రంతల బతికిండు. హాస్పిటల్ల ఉన్నడు."

"అప్పుడు పెట్టె మీద లైటు వెలుగుతూ ఉండిందా సార్?"

"ఆకుపచ్చ లైటే ఉండె. అది చూసే కదా రాంచందర్ లోపలికి పోయింది. ఇగ చూడున్రి, ఆ ఊడ్చే మొగులమ్మ దీనికి పసుపు స్నానమే చేయించింది. తడి లోపలికి పోయింది. నిన్న షిఫ్టు బస్సులు దిగేటప్పుడు అందరి ముందట చెప్పిన, మూఢనమ్మకంతోని మనిషి ప్రాణం తీస్తుంటివి కదా అని. మీ రిపోర్టు ఒక్కటి వస్తే ఫైలు క్లోజ్."

అదీ సంగతి. పూజ చేయమన్నది కంపెనీ. కొబ్బరికాయలు తెప్పించింది కంపెనీ. హారతి పళ్లెం పట్టుకుని ఫొటో దిగింది ఇదే మహేంద్ర. నేరం మాత్రం పసుపు గిన్నె పట్టుకున్న చేతిది. కుక్కను చంపాలనుకుంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలి కదా.

సబియా గ్యాసు పెట్టెలు తయారుచేసే కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు. పెట్టెలను పాడుచేయడమే ఆమె ఉద్యోగం. ఎండలో పెట్టి, కుదిపి, హోస్ పైపుతో నీళ్లు కొట్టి, ఎక్కడ చెడుతుందో చెప్పాలి. ఈ మోడల్‌కు నీళ్లు కొట్టింది కూడా ఆమే. చుట్టూ ఉన్న రబ్బరు పట్టీని బొటనవేలితో నొక్కుతూ వచ్చింది. ఎక్కడా పగుల్లేదు. మూలల స్క్రూలు విప్పి మూత ఎత్తింది. లోపల సర్క్యూట్ బోర్డు కొత్త పెళ్లికూతురి పెట్టెలా మెరుస్తోంది. తెల్ల గుడ్డతో అంచులన్నీ తుడిచింది. గుడ్డ తెల్లగానే ఉంది.

"పసుపు మూత దాటి పోలేదు సార్," అంది.

"చిన్న తడి కంటికి కనవడదు కదా మేడం," అన్నాడు మహేంద్ర. ఆయనకు ఏం కావాలో ఆయన ముందే తేల్చుకుని ఉన్నాడు.

సబియా ల్యాప్‌టాప్ తీసి కేబుల్ కలిపి పెట్టెకు కరెంటు ఇచ్చింది. వెంటనే ఆకుపచ్చ లైటు వెలిగింది. ఎంత చక్కగా వెలిగిందంటే, చూసినవాడెవడైనా గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చు. స్క్రీను మీద మాత్రం ఒకే వాక్యం వస్తోంది: సరైన ప్రోగ్రాం లేదు, ఎదురుచూస్తున్నాను. కాసేపాగి మళ్లీ అదే.

ఇలాంటి పెట్టెల్లో కరెంటు రాగానే ముందుగా మేలుకునే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. బూట్‌లోడర్ అంటారు. గ్యాసు సంగతి చూసుకునే అసలు ప్రోగ్రాం బాగుందో లేదో సరిచూసి, బాగుంటే దాన్ని లేపి పని అప్పగించి తాను తప్పుకుంటుంది. దాని బతుకంతా ఆ కొన్ని క్షణాలే. కానీ అసలు ప్రోగ్రాం చెడిపోయి ఉంటే? అప్పుడు ఏం చేయాలన్నదే మొత్తం కథ. బుద్ధి ఉన్న బూట్‌లోడర్ అయితే దాచిపెట్టిన పాత ప్రోగ్రామును లేపుతుంది. అదీ లేవకపోతే ఎర్ర లైటు వేసి, సైరన్ మోగించి, ఫ్యాను తిప్పి, నాకు చేతకావడం లేదు, మీరు రండి అని అరుస్తుంది. ఈ పెట్టెలోది ఆకుపచ్చ లైటు వేసుకుని, ఫ్యానును ఆపి ఉంచి, ఎవరైనా వచ్చి కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తారేమోనని కూర్చుంది. పైన పటారం, లోన లొటారం.

పెట్టెలోని రికార్డూ సర్వీసు చీటీ చూశాక సంగతి తేలింది. పండుగకు ముందు తమ సర్వీసు మనిషి ఇక్కడికి వచ్చి అప్‌డేట్ ఎక్కించాడు. ఫ్యాక్టరీ వాళ్లు షెడ్డు ఆపొద్దన్నారని పెట్టెను ఆపి మళ్లీ వేసి చూడకుండానే వెళ్లిపోయాడు. అప్‌డేట్ సగంలో తెగింది. పాత ప్రోగ్రాం నడుస్తున్నంత కాలం ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. ఈ ఫ్యాక్టరీలో మెయిన్ ఆపేది ఏడాదికి ఒక్కసారి, ఆయుధపూజకే. అందుకే చెడింది పండుగ తెల్లారి బయటపడింది, అక్కడే పసుపూ దొరికింది.

సబియా బయటికి వచ్చి తన బాసు దుర్గాప్రసాద్‌కు ఫోన్ చేసింది.

"లోపల పొడిగా ఉంది సార్. బూట్ ఫెయిలైంది. మనదే తప్పు."

"పెట్టె మీద పసుపు ఉందా, లేదా?"

"పైన ఉంది సార్."

"ఉందని రాయి. పెట్టె మీద పసుపు గమనించామని రాయి. నేను నిన్ను అబద్ధం రాయమనడం లేదే? కొత్త ఆర్డర్ వాళ్ల చేతుల్లో ఉంది సబియా. గుర్తుంచుకో."

ఫోన్ పెట్టేశాక సబియాకు ఒళ్లు మండిపోయింది. అబద్ధమైతే ఎదురు తిరగవచ్చు. ఈయన నిజాన్నే ముక్క కోసి ఒక ముసలామె మెడకు కట్టమంటున్నాడు. గేటు దాటేటప్పుడు మొగులమ్మ ఆమె మొహంలోకి చూసింది. "పెట్టె మంచిగనే ఉందమ్మా, తడి లేదు," అని సబియా చెప్పింది. "నాకెందుకు చెప్తవు బిడ్డా, నాకు తెల్సు కదా," అందామె.

మర్నాడు పటాన్‌చెరు ఆఫీసులో సబియా నేరుగా కామరాజు బల్ల దగ్గరికి వెళ్లింది. బూట్‌లోడర్ రాసింది అతనే. ఆమె ఏమీ అనకముందే తల దించుకున్నాడు.

"నేను రాసింది అది కాదు సబియా. ఫెయిలైతే పాతదాన్ని లేపేటట్టు, అదీ లేవకపోతే సైరనూ ఫ్యానూ నడిచేటట్టే రాసిన. ఎగ్జిబిషన్ల కరెంటు వెయ్యంగనే చెకింగు నడిచేదాక ఎర్ర లైటు వెలిగింది, సైరన్ కుయ్యిమన్నది. కస్టమర్ ఉలిక్కిపడ్డడు. కరెంటు వేసిన మరుక్షణం ఆకుపచ్చ కనపడాలె అన్నరు దుర్గాప్రసాద్ సార్. ఫెయిలైనప్పుడు మోగితే రోజూ సర్వీసు ఫోన్లు వస్తయి, అది కూడా తీసెయ్యమన్నరు. తీసేసిన."

"తీసిందాన్ని మళ్లీ పెట్టొచ్చా?"

"నా దగ్గర పదిలంగనే ఉంది. పెట్టమనేటోళ్లు కావాలె."

దుర్గాప్రసాద్ తన గదిలోంచే పిలిచాడు. రేపు ఫ్యాక్టరీ వాళ్లతో మీటింగు ఉందనీ, కొత్త పెట్టె ఒకటి తెచ్చి వాళ్ల ముందు మోగించి చూపాలనీ, రిపోర్టు కూడా అక్కడే ఇచ్చేద్దామనీ చెప్పాడు. ఎంత మర్యాదగా చెప్పాడో! సబియాకు కాఫీ కూడా తెప్పించాడు. మనిషి మర్యాద మాటతీరులో కాదు, ఆపద వచ్చినప్పుడు ఎవరి వెనక దాక్కుంటాడన్నదాంట్లో తెలుస్తుంది. ఈయన చీపురు వెనక దాక్కున్నాడు.

ఆ సాయంత్రం సంగారెడ్డిలో ఇంటికి చేరేసరికి వాకిలంతా పసుపు వాసన. చిన్నమ్మ కూతురు సమీరాకు మరునాడు మాంజా, పెళ్లికి ముందు పసుపు రాసే వేడుక. సబియా అమ్మ రహీమున్నీసా చుట్టాల ఆడవాళ్లతో కూర్చుని పసుపులో నూనె కలుపుతోంది. కూతుర్ని చూసి చేత్తో ఇంత తీసి ఆమె చెంపకు రాసింది.

"అమ్మీ, ఆఫీసు బట్టలు!"

"పోతే పోనీ బేటా. శుభానికి రాసేదానికి పరేషాన్ ఎందుకు?"

సబియా చెంప మీది పసుపును వేలితో తీసి చూసుకుంది. ఆ రాత్రి గిన్నెలోంచి కొంచెం ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి తీసి బ్యాగులో పెట్టుకుంది. ఎందుకని అమ్మ అడగలేదు.

మీటింగు క్యాంటీన్ హాల్లో పెట్టారు. మండే ఆవిర్లుండే సాల్వెంట్ షెడ్డులో ప్లగ్గులు పీకే పని పనికిరాదని సబియానే అలా అడిగింది. బల్ల మీద కొత్త పెట్టె, దానికి పెద్ద ఫ్యానుకు బదులు ఒక టేబుల్ ఫ్యాను. మహేంద్ర, దుర్గాప్రసాద్ పక్కపక్కన కూర్చున్నారు. మొగులమ్మను పిలిపించి తలుపు దగ్గర నిలబెట్టారు. ఆమె చేసిన తప్పు ఆమెకు అర్థమయ్యేలా చూపిస్తారట.

"మొదలుపెట్టు సబియా," అన్నాడు దుర్గాప్రసాద్.

సబియా డబ్బా మూత తీసి మొగులమ్మ వైపు తిరిగింది. "అమ్మా, దసరానాడు ఎట్ల పూజ చేసినవో గట్లనే దీనికి చెయ్యి."

మొగులమ్మ రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. "వద్దు బిడ్డా. నేను ముట్ట. నీకు దండం పెడత, ఇగ నేను ఏ మిషన్ను ముట్ట."

సబియా వెనక్కి పోయిన ఆ చేతుల వంక చూసింది. ఇంతకాలం ఫ్యాక్టరీలో ప్రతి మూలనూ తుడిచిన చేతులవి. తానే పసుపు తీసుకుని పెట్టె నిండా పట్టించింది. మూత మీద, పక్కల, కేబుల్ దూరే చోట, ఎక్కడా వదలలేదు. తర్వాత జగ్గు నీళ్లలో మిగిలిన పసుపు కలిపి నెమ్మదిగా పైనుంచి పోసింది. పసుపు నీళ్లు బల్ల మీంచి దుర్గాప్రసాద్ బూట్ల మీదికి కారాయి. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"టెస్టింగు సార్."

కరెంటు వేసి, పరీక్షకు తెచ్చిన చిన్న గ్యాసు సీసాను పెట్టె ముక్కు దగ్గర ఒక్కసారి నొక్కింది. సైరన్ గొల్లుమంది, ఎర్ర లైటు వెలిగింది, టేబుల్ ఫ్యాను గిర్రున తిరిగింది. పసుపు నీళ్లు కారుతూనే ఉన్నాయి.

అది ఆగాక సబియా ల్యాప్‌టాప్ కలిపి అప్‌డేట్ ఎక్కించడం మొదలుపెట్టి, సగంలో కేబుల్ పీకేసింది. పెట్టెను ఆపి మళ్లీ వేసింది. ఆకుపచ్చ లైటు నిమ్మళంగా వెలిగింది. గ్యాసు సీసా నొక్కింది. మళ్లీ నొక్కింది. సీసా ఖాళీ అయ్యేదాకా నొక్కింది. పెట్టె కిక్కురుమనలేదు, ఫ్యాను కదల్లేదు. వంటగదిలో ఎవరో పాత్ర దించిన చప్పుడు హాల్లోకి వినిపించింది.

"దీనికి తడిసినప్పుడు ఏమీ కాలేదు సార్. అప్‌డేట్ తెగినప్పుడు అయింది. ఇంకొకటి చూడండి." ఆమె పెట్టె ప్లగ్గే పీకేసింది. ఆకుపచ్చ లైటు ఆరింది. వెంటనే ఫ్యాను దానంతట అదే తిరగసాగింది. "పెట్టె చస్తే ఫ్యాను తిరిగేటట్టు వైరింగు ఉంది. నిజంగా పసుపు నీళ్లు లోపలికి పోయి ఆ పెట్టె చచ్చి ఉంటే, ఆ రోజు రాంచందర్‌కు ఏమీ కాకపోయేది. అది చావలేదు సార్. మేలుకుని ఉండి, బాగున్నానని చెప్పింది."

మహేంద్ర చాలాసేపు టేబుల్ ఫ్యాను వంకే చూశాడు. దుర్గాప్రసాద్ మాత్రం పిల్లి లాంటివాడు, ఎటు విసిరినా కాళ్ల మీదే పడతాడు. చిరునవ్వు నవ్వి, "ఈ రిస్కును మేం గుర్తించాం మహేంద్రగారూ, అందుకే మా అమ్మాయి చేత ఇంత వివరంగా చూపించాను. దీనికి కొత్త వెర్షన్ రెడీగా ఉంది. మీ పెట్టెలన్నింటికీ మేమే వేసి ఇస్తాం," అన్నాడు. కామరాజు చేత తీయించిందాన్నే కొత్త వెర్షన్ అంటున్నాడు! సబియా పళ్లు బిగబట్టింది. పోనీ, పెట్టెలు బాగుపడితే చాలనుకుంది.

మహేంద్ర తలుపు వైపు తిరిగాడు. "సరే మొగులమ్మా, ఇగ పోయి పని చేసుకో. ఈసారికి మాఫీ."

మొగులమ్మ కదల్లేదు. "మాఫీ ఎందుకు సారూ?"

"ఏందే?"

"తప్పు చేస్తే మాఫీ చేస్తరు. నేనేం చేసిన?"

ఆమె టిఫిన్ సంచి తీసుకుని చీపురు ఉన్న వైపు కాకుండా గేటు వైపు నడిచింది. సబియా వెనకే పరుగెత్తింది.

"అమ్మా, పని ఇచ్చిండ్రు కదా. ఏదో ఒక మాట అన్నరు, పోనియ్యరాదు."

"నీకు పుణ్యముంటది బిడ్డా, పెట్టె సంగతి నువ్వు తేల్చినవు. నా సంగతి నేను తేల్చుకోవాలె." గేటు పక్కన తన పాత చోటులోనే నిలబడింది. "బస్సులు దిగినోళ్లందరి ముందట అన్నడు. ఆ మందిల రాంచందర్ పెండ్లాం రవళి ఉండె. దవాఖానకు పండ్లు తీస్కపోతే, నా మొగున్ని చంపుతుంటివి, ఇంక ఎందుకొచ్చినవన్నది. ఆమెకు ఎవలు చెప్పాలె? నాలుగు గోడల నడుమ ఇచ్చే మాఫీ ఆమెకు ఇనవడతదా?"

అన్యాయం మీద అంత మండిపడ్డ తాను, సగం న్యాయం దొరకగానే సంబరపడి, మిగతా సగాన్ని ఈ ముసలామెను వదులుకోమంటోంది. సబియాకు సిగ్గేసింది. తిరుగు ప్రయాణంలో కారులో దుర్గాప్రసాద్ బూట్ల మీది పసుపు తుడుచుకుంటూ, ఈ పని పూర్తికాగానే వేరే ఉద్యోగం చూసుకొమ్మన్నాడు. "అలాగే సార్, పని పూర్తయ్యేదాకా మాత్రం నేనే చేస్తాను," అంది.

తర్వాతి రోజుల్లో కామరాజు దాచిన ప్రోగ్రామును బయటికి తీశాడు, సబియా దాన్ని చెడగొట్టడానికి తన విద్యంతా వాడింది. అది చెడలేదు. పెట్టెలకు ఒక్కొక్కటికీ ఎక్కించడానికి రోజూ బొల్లారం వచ్చింది. వచ్చినప్పుడల్లా మొగులమ్మ గేటు దగ్గరే ఉంది. కేకలు లేవు, కన్నీళ్లు లేవు. బస్సులు రాగానే నెత్తిన కొంగు సర్దుకుని నిలబడేది, దిగేవాళ్లు ఆమెను చూసి గొంతు తగ్గించుకునేవారు. మొదట సెక్యూరిటీ అతను కుర్చీ వదిలి ఆమెకు ఇచ్చాడు. ఆమె కూర్చోలేదు. తర్వాత ఊడ్చే ఆడవాళ్లు ఇద్దరు ఆమె పక్కన వచ్చి నిలబడ్డారు. మర్నాటికి ఊడ్చేవాళ్లెవరూ లోపలికి పోలేదు. మందుల ఫ్యాక్టరీలో ఊడ్వకపోతే ఏం నడుస్తుంది? తనిఖీ అధికారులు నేడో రేపో వచ్చేటట్టున్నారు.

ఆ పొద్దున షిఫ్టు బస్సులు దిగుతుండగా మహేంద్ర గేటు దాకా వచ్చాడు. నేల చూస్తూ ఏదో అన్నాడు.

"ఇనవడలే సారూ," అంది మొగులమ్మ. "ఆనాడు అన్నంత గట్టిగ అనున్రి."

మహేంద్ర చుట్టూ చూశాడు. జనం దాటిపోవడం లేదు, నిలబడిపోయారు. ఇక తప్పదని గొంతు సవరించుకున్నాడు. "పెట్టె చెడిపోయింది పసుపుతోని కాదు. దాంట్ల ప్రోగ్రాం చెడిపోయింది. మొగులమ్మ తప్పు ఏం లేదు. నేను చూడకుండా అన్న. తప్పు నాది."

జనంలోంచి ఒక అమ్మాయి ముందుకు వచ్చింది. చేతిలో హాస్పిటల్‌కు తీసుకుపోతున్న క్యారియర్. రవళి. వచ్చి మొగులమ్మ చేతిలోని టిఫిన్ సంచి తీసుకుని, తన క్యారియర్‌తో పాటు పట్టుకుని, గేటు లోపలిదాకా ఆమె పక్కన నడిచింది.

సాల్వెంట్ షెడ్డు ఇంకా మొదలుపెట్టలేదు. సబియా ఆఖరి పెట్టెను పాత చోటే గోడకు బిగించింది. మహేంద్ర కోరినట్టు కావాలనే చెడగొట్టిన ప్రోగ్రాములు, అసలుదీ దాచిన పాతదీ రెండూ ఎక్కించి, బయటి మెయిన్ దగ్గర కరెంటు వేయించింది. పెట్టె ఒకసారి ప్రయత్నించింది, రెండోదాన్ని లేపబోయింది, లేవలేదు. ఎర్ర లైటు వెలిగింది. సైరన్ షెడ్డు రేకులు అదిరేలా మోగింది, గోడలో పెద్ద ఫ్యాను కదిలి వేగం అందుకుంది. తలుపు దగ్గర మనుషులు చెవులు మూసుకున్నారు.

"చాలు మేడం, చూసినం! ఆపున్రి!" మహేంద్ర అరుపు సగమే వినిపించింది.

సబియా చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. చీపురు పట్టుకుని అప్పుడే లోపలికి వచ్చిన మొగులమ్మ ఆ చేతిని ఆపింది.

"ఉండనీ బిడ్డా. బాగలేనప్పుడు బాగున్ననుకుంట కూసున్నది. జెరసేపు ఒర్రనీ."

సబియా చెయ్యి తీసేసింది. మొగులమ్మ కొంగు నడుముకు దోపుకుని, సైరన్ కిందే, షెడ్డు ఆ మూల నుంచి ఊడ్వడం మొదలుపెట్టింది.